అక్క కారుకు కొత్త షాకులు

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది ఎండుచేపలు అమ్ముకునే పెద్దామె. ఆ రోజు శుక్రవారం. మందిరంలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన జరుగుతోంది. ఆమె ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి, గంప గుమ్మం బయట దించి, నా పక్కన మోకరించి, కళ్లు మూసుకునే నా చెవిలో చెప్పింది.

"నువ్వీడ మోకాళ్లేసుకోని ఉండావు. ఆడ మీ ఆయనా మీ అక్కా కారు కింద దూరుకోని పడుకోనుండారు మే. కాళ్లు మాత్రం కనిపిస్తా ఉండాయి."

కారు బాగుచేసుకుంటున్నారులే పెద్దమ్మా అన్నాను నేను, కళ్లు తెరవకుండానే. "నేనేమన్నా అన్నానా? కాళ్లు కనిపిస్తా ఉండాయన్నా, అంతే" అని, అప్పుడే ఎవరిదో ప్రార్థన ముగిస్తే అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

ఉపవాసం రోజు నాకు ఆకలి తెలియదు. అది దేవుడు నాకిచ్చిన చిన్న మేలు, దానికి ఎప్పుడూ స్తోత్రం చెప్పుకుంటాను. ఆ రోజు మాత్రం పొట్టలో ఏదో రగులుకుంది. ఆకలి కాదని నాకు తెలుసు. ఆఖరి పాట అందుకోకముందే లేచి ఇంటిదారి పట్టాను. ఎండాకాలం మా సూళ్లూరుపేట వైపు పులికాట్ నీళ్లు వెనక్కి పోయి, ఎండిన అడుగు నుంచి ఉప్పు దుమ్ము లేస్తుంది. కళ్లు మండితే ఆ దుమ్ము వల్లేనని ఎవరికైనా చెప్పుకోవచ్చు.

పెద్దామె అబద్ధమాడలేదు. మా ఇంటి ముందు రేకుల పందిరి కింద కారు ముందుభాగం పైకి లేచి ఉంది. కింద ఒకే గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద ఆయన కాళ్లు, అక్క కాళ్లు. లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "వదినా, ఈ బోల్టు రాదంటా ఉంది. డీజిలు పోసి నాననిద్దామా, ఇంకో తూరి కొట్టి చూద్దామా? నువ్వేమంటావు?"

పెళ్లయినప్పటి నుంచి ఆయన నోటి వెంట 'నువ్వేమంటావు' అన్న మాట నేను వినలేదు. ఆయన బియ్యం మిల్లులో కరెంటు పని చేస్తారు. తాగుడు లేదు, చేయి చేసుకోవడం లేదు, ఆదివారం ఆరాధన తప్పడం లేదు. అలాంటి మనిషిని ఇచ్చినందుకు రోజూ మరవకుండా స్తోత్రం చెప్పుకుంటాను. కానీ ఇంట్లో మాట తక్కువ. అన్నం పెట్టు, తాళం యాడ, రేపు కరెంటు ఉండదు. అంతే. నాతో ఆయనకున్న మాటలన్నీ ఒక పూటలో చెప్పేయవచ్చు.

అక్క సంగతి చెప్పాలి. మేం ఇద్దరమే తోబుట్టువులం, ఆమె పెద్దది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పోయే దారంతా దుమ్ము, వానొస్తే బురద. నన్ను ఇంట్లోనే ఉంచుకుంది అమ్మ. అక్క బడికి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పలకా బలపం తీసుకుని మా దగ్గర కూర్చునేది. ఆ రోజు తనకు పంతులు చెప్పింది నాకు చెప్పేది. అక్షరాలైనా, గుణింతాలైనా, ఎక్కాలైనా, ఇప్పుడు నేను రాస్తున్న ఈ మాటలైనా అక్క పెట్టిన భిక్షే. బడి గడప తొక్కనిదాన్ని, బైబిలు తెరిచి ఎక్కడ చదవమన్నా చదువుతాను. నా స్తోత్రాల వరుసలో అక్క ఎప్పుడూ పైనే ఉండేది. అలాంటి అక్క మీదే నాకు ఓర్వలేనితనం పుట్టింది.

బావ చిల్లకూరులో కారు బాడుగకు నడిపేవాడు. నెల్లూరు ఆసుపత్రులకు, తిరుపతికి, చెన్నైకి జనాన్ని తిప్పేవాడు. చిన్నాచితకా రిపేర్లు ఇంటి ముందే చేసుకునేవాడు. అక్క పక్కన కూర్చుని సామాను అందించేది, అలా అందిస్తూనే పని నేర్చుకుంది, బండి నడపడమూ నేర్చుకుంది. బావ జబ్బుచేసి పోయాక ఇంటికి తాళం వేసి, ఆ కారు తనే నడుపుకుంటూ మా ఇంటికి వచ్చింది. నేను ఎదురుపోయి కావిలించుకుని ఏడ్చాను. ఇంతకాలానికి అక్కకు అన్నం పెట్టే భాగ్యం ఇచ్చావు ప్రభువా అని ఆ పూట మనస్ఫూర్తిగానే అన్నాను.

కారు రేకుల పందిరి కింద ఉప్పుగాలికి నిలబడిపోయింది. ఎండలు ముదురుతుండగా అక్కకు ఒక దారి కనిపించింది. గూడూరులో ఉండే కొందరు ఆడ టీచర్లు చిల్లకూరు అవతలి పల్లెల బడులకు పోతారు. ఆటోల్లో వేలాడలేక ఆడమనిషి నడిపే కారు దొరికితే బాగుండునని చూస్తున్నారట. అక్క వాళ్లను ఒకసారి ఎక్కించుకుని తిప్పింది. గతుకు వచ్చినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర దభీ దభీమని మోత, బ్రేకు వేస్తే బండి ముక్కు నేలకు తగిలేట్టు వంగడం. దిగేసరికి ఒకావిడకు కడుపులో తిప్పింది. బడులు తెరిచేలోపు దీన్ని బాగుచేయించమ్మా, లేకపోతే మేం ఆటో మాట్లాడుకుంటాం అన్నారు. బాగైతే అక్కకు బతుకుదెరువు ఉంటుంది, తన ఇంటి తలుపు తనే తీసుకుంటుంది. బాగు కాకపోతే ఇక మా ఇంటి మధ్యగదే.

షెడ్డులో మా బండి వంతు రావాలంటే బడులు తెరిచాకే అన్నాడు మెకానిక్కు. అప్పుడు మా ఆయన, ఎవరూ అడక్కుండానే, ఇంటికాడే మారుద్దాం వదినా, ముందు చక్రాల షాకులే గదా అన్నారు.

ఆ షాకులు ఏమిటో నేను చూసి తెలుసుకున్నాను. ముందు చక్రం వెనక నిలువుగా ఒక లావాటి గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు. బండి ముందు బరువంతా దాని మీదే. పాతవాటిలోంచి నూనె కారి, దుమ్ము పట్టి, తారు పూసినట్టున్నాయి. కింద రెండు పెద్ద బోల్టులు చక్రానికి కలుపుతాయి. పైన బానెట్ ఎత్తితే బోర్లించిన గిన్నెలాంటిది కనిపిస్తుంది. దాని చుట్టూ మూడు చిన్న నట్లు, నడిమిన ఒక పెద్ద నట్టు. ఆ నడిమి నట్టును ఊరికే విప్పకూడదు. నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగిరి మనిషి మొహం మీదికి వస్తుంది. ఈ మాట అక్క కారు కింద నుంచి ఎన్నిసార్లు అందో. "నడిమిది ముట్టుకోబాక అబ్బయ్యా." ఆయన ప్రతిసారీ "లేదు వదినా" అనేవారు, బుద్ధిమంతుడిలా. కూరలో ఉప్పు తగ్గిందని నేనంటే అలా ఎప్పుడైనా తలూపారా?

నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. చూడకూడదనుకుంటూ చూసేదాన్ని. ఉప్పుగాలికి బోల్టులు తుప్పుపట్టి బిగుసుకున్నాయి. డీజిలు పోయడం, నాననివ్వడం, సుత్తితో కొట్టడం. బోల్టు ఏ చోట కూర్చుని ఉందో తెలియడానికి అక్క నా తాంబూలపు డబ్బాలోంచి సున్నం తీసుకుపోయి గీత పెట్టింది. నన్ను అడగలేదు. అడిగితే ఇవ్వనా? ఈ పని ఎట్లా చేయాలో ఫోనులో ఇంగ్లీషులో ఉన్నది అక్క చదివి తెలుగులో చెప్పేది, ఆయన తలకాయ దగ్గరగా పెట్టి వినేవారు. నాకు తెలుగు నేర్పింది గానీ ఇంగ్లీషు ఎందుకు నేర్పలేదో అని ఆ రోజు మొదటిసారి అనిపించింది. ఆ సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్ వదిలారు. మా కిటికీలు గడగడలాడాయి, వీధి వీధంతా మిద్దెలెక్కింది. నేనూ ఎక్కి కొంగుతో కళ్లకు నీడ పెట్టుకుని చూశాను. కిందికి చూస్తే వాళ్లిద్దరూ గోనెపట్టా మీద నుంచి లేవలేదు. ఆయనకు రాకెట్టంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

పడుకునే ముందు స్తోత్రాలు చెప్పుకునేటప్పుడు గాలికి, నీళ్లకు, బియ్యానికి, ఇరుగుపొరుగుకు, అన్నిటికీ చెప్పాను. వాళ్లిద్దరి దగ్గరికి వచ్చేసరికి నాలుక తిరగలేదు. ప్రభువా, అక్క కారు తొందరగా బాగుపడనీ అని మాత్రం అన్నాను. అక్క కోరికా నా కోరికా ఒకటే. ఆమె తన ఇంటికి పోవాలని ఆమెకు, ఆమె తన ఇంటికి పోవాలని నాకు. ఎవరి కోరిక ఎందుకో ప్రభువుకు తెలుసు, వేరే చెప్పనక్కర్లేదు.

మరునాడు శనివారం. సోమవారం బడులు తెరుస్తారు. మధ్యాహ్నానికి ఎడమ పక్క పాత షాకు బయటికి వచ్చి, కొత్తది లోపల కూర్చుంది. చక్రం ఇంకా తగిలించలేదు. ఇద్దరూ చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు. చేపల పులుసు వండాను. ఆయన ముక్క నోట్లో పెట్టుకుని అక్కతో, కుడిపక్క ఇంత బిగుసుకోని ఉండదులే వదినా, అది నీడ పక్క గదా అంటున్నారు. పులుసు గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేను మజ్జిగ తేవడానికి లేస్తే కిటికీలోంచి ఎండుచేపల పెద్దామె కనిపించింది. కారు ముందు నిలబడి పెదవులు కదుపుతోంది.

మా వైపు కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా, కుట్టు మిషనైనా, నీళ్ల మోటారైనా, నూనె చుక్క రాసి ప్రార్థన చేస్తాం. పెద్దామె నడుముకు ఎప్పుడూ చిన్న కొబ్బరినూనె సీసా ఉంటుంది, నొప్పులకూ అదే, ప్రార్థనకూ అదే. కొత్తది ఏదా అని ఆమె వెతుక్కుంది. కొత్త షాకుకు నల్లరంగు వేసి ఉంటుంది, చూస్తే పాత ఇనుములాగే ఉంటుంది. చక్రం విప్పిన చోట బ్రేకు డిస్కు మాత్రం తోమిన కంచు పళ్లెంలా మెరుస్తోంది. పెద్దామె అరచేతిలో ఇంత నూనె పోసుకుని ఆ పళ్లెం నిండా రాసింది, పసిబిడ్డ వీపుకు రాసినట్టు, నిమ్మళంగా. తర్వాత ఆమెన్ అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

అది చూసి నాకు సంతోషమే అయింది. ఈ ఇంట్లో ఆ బండిని వాళ్లిద్దరూ కాక ఇంకొకరు కూడా ముట్టుకున్నారు గదా అనిపించింది.

అన్నాలు ముగిశాయో లేదో మిల్లు నుంచి ఫోను. మోటారు ఆగిపోయింది, వెంటనే రావాలి. ఆయన ఎడమ చక్రం గబగబా తగిలించి, కుడిపక్క చక్రం విప్పి, జాకీ పక్కన కారు కింద దుంగలు సర్ది, నేనొచ్చిందాకా ముట్టుకోబాకు వదినా అని తన మోటారుసైకిలెక్కి పోయారు. అక్క కొంచెంసేపు అరుగు మీద కూర్చుంది. ఎండ వంక చూసింది. తర్వాత లేచి నన్ను పిలిచింది.

"రా అమ్మీ. నువ్వే పట్టాల."

నాకేం తెలుసు అన్నాను. నేర్చుకుంటే తెలుస్తాది అంది. చిన్నప్పుడూ ఇదే మాట.

కింద బోల్టులు రెండూ సున్నం గీత పెట్టుకుని తను విప్పింది, పైన మూడు నట్లూ నాతో విప్పించింది. తను కింద కూర్చుని షాకును రెండు చేతులా పట్టుకుంది. ఆఖరి నట్టు ఊడగానే బరువంతా ఆమె చేతుల్లో పడింది, పసిపిల్లను దించుకున్నట్టు దించుకుంది. పందిరి నీడలో గోనెపట్టా మీద దాన్ని పడుకోబెట్టి ఎదురెదురుగా కూర్చున్నాం. పాత గొట్టం మీద నుంచి స్ప్రింగు తీసి కొత్తదానికి వేయాలి. అందుకు నాయుడుపేట నుంచి మా ఆయన స్నేహితుడి దగ్గర తెచ్చిన రెండు క్లాంపులు ఉన్నాయి. స్ప్రింగుకు ఈ పక్కొకటి ఆ పక్కొకటి తగిలించి, పొడుగు మరను తిప్పుతూ పోతే స్ప్రింగు కొంచెం కొంచెంగా నొక్కుకుపోతుంది. ఒక పక్క ముందుపడి ఒక పక్క వెనకపడితే స్ప్రింగు వంకరపోయి క్లాంపు జారుతుంది. జారితే మనం ఉండం అంది అక్క, చింతపండు అయిపోయిందన్నంత మామూలుగా.

ఆమె పక్క ఆమె తిప్పింది, నా పక్క నేను తిప్పాను. ఆమె ఒక చుట్టు, నేనొక చుట్టు. మొహాలు దగ్గరగా ఉన్నాయి. ఆమె కనుబొమ్మల మీద చెమట, గడ్డానికి డీజిలు మరక. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"ఆయన నీతో మాట్లాడినంత నాతో ఎప్పుడూ మాట్లాడలేదక్కా."

"తిప్పు. నీ పక్క వెనకబడింది."

తిప్పాను. ఆమె నా మొహం వైపు చూడలేదు, మర వైపే చూస్తోంది.

"నేను చుట్టాన్ని గదా అమ్మీ. చుట్టాన్నయితే అడగతారు. ఇంట్లో మనిషిని ఎవురడగతారు? మీ బావ ఊరందరితోనూ నవ్వతా మాట్లాడేవాడు. నాతో ఏమనేవాడు? పదారు నంబరు స్పానర్ ఇయ్యి. అదే."

అక్కా బావా ఆ కారు పక్కన పొద్దుకూకేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్లని ఇన్నేళ్లూ నేననుకున్నాను. ఆ ఊహకే నేను ఎన్నిసార్లు కుళ్లుకున్నానో లెక్కలేదు. అయినా నా మంట చల్లారలేదు. నీకన్నీ తెలుసు, నువ్వు బడికి పోయినదానివి, నేను పోలేదు అన్నాను.

అక్క తిప్పడం ఆపింది. తన పక్కా నా పక్కా సమంగా ఉన్నాయో లేదో వేలితో కొలిచి చూసింది.

"నువ్వు అమ్మకాడ ఉండినావు గదా" అంది. "పొద్దన నేను సంచి తగిలించుకోని పోతా ఉంటే నువ్వు అమ్మ ఒళ్లో తలకాయ పెట్టుకోని ఉండేదానివి. నేనొచ్చేసరికి కూడా ఒళ్లోనే. నీకు చదువు చెప్పాలని కూచున్నాననుకుంటా ఉండావా? నాకు కడుపు మండేది. పలక తీసుకోనొస్తే అమ్మ నన్ను గూడా పక్కన కూచోమనేది. అందుకే నేర్పించినా."

బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను స్తోత్రం చెప్పుకుంటూ వచ్చిన మేలు అది. దీపం ముందు అక్క నా వేలు పట్టుకుని దిద్దించడం. అది దయ అనుకున్నాను. ఇప్పుడు నేను కిటికీలోంచి చూసిన చూపే ఆమె అప్పుడు గుమ్మంలోంచి చూసిందన్నమాట. అమ్మ వాసన నాకు గుర్తుంది. ఆమెకు ఆ వాసన సాయంత్రాలే దొరికింది, అదీ నాకు అక్షరాలు అమ్మి కొనుక్కుంటే. ఇంత తెలిశాక నాకు జాలి కలగాలి గదా. కలగలేదు. అమ్మను కూడా పంచుకోవడానికే వచ్చావా అన్న ఒక వంకర మాట మనసులో వచ్చి పోయింది. అది పోయాక మాత్రం చేతులు తేలికయ్యాయి.

"ఇప్పుడు నడిమిది విప్పు" అంది అక్క. "నేనా" అన్నాను. "నువ్వే. మొహం పక్కకి పెట్టుకోని."

స్పానర్ పెట్టి లాగాను. చిన్న కిరుక్కు వినిపించింది. నట్టు ఊడి చేతిలోకి వచ్చింది, స్ప్రింగు కదల్లేదు. గట్టిగా స్తోత్రం అన్నాను. అక్క నవ్వింది.

కొత్త గొట్టం మీద స్ప్రింగు వేసి, పైన ఆ గిన్నెలాంటి మూత పెట్టి, నడిమి నట్టు బిగించి, క్లాంపులు ఎట్లా ఎక్కించామో అట్లా సమంగా వదులుచేసుకుంటూ వచ్చాం. ప్రతి పనికీ ముందు అక్క నా వైపు చూసి, ఇప్పుడేంది అని అడిగేది. చెప్పేదాకా కదిలేది కాదు. తప్పు చెబితే అంతా ఆపి మళ్లీ అడిగేది. ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ ఇట్లాగే. సున్నం గీతకు సరిగ్గా బోల్టులు కూర్చోబెట్టి, చక్రం తగిలించేసరికి ఎండ దిగింది.

ఆయన వచ్చారు. కారు చుట్టూ తిరిగారు. కుడి చక్రం పట్టుకుని ఊపి చూసి, ఎవరు బిగించినారు అన్నారు. నీ పెళ్లాం అంది అక్క. ఆయన నా చేతుల వైపు చూశారు, మసి గోళ్లలోకి దిగి ఉంది. స్పానర్ తీసుకుని నేను బిగించిన నట్లన్నీ ఒక్కొక్కటే మళ్లీ బిగించి చూశారు. ఎడమ పక్క అక్క బిగించినవి ముట్టుకోలేదు. అది నేను గమనించాను. ఏ నట్టూ వీసమెత్తు కూడా తిరగలేదని కూడా గమనించాను.

ఇద్దరూ ఎక్కి రోడ్డు మీదికి పోయారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. గతుకుల మీద మోత లేదు, పడవ పోయినట్టు పోయింది బండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మా గేటు ముందు బ్రేకు వేస్తే సర్రున కుడివైపు లాక్కుపోయి, ముళ్లకంపకు ఆనుకున్నంత పనైంది. మళ్లీ పోయారు, మళ్లీ అదే. ఆయన దిగి నడుము మీద చేతులు పెట్టుకున్నారు.

"బ్రేకు పట్టడంలా వదినా. ఎడంపక్క పోయింది. ఈ బండిలో నువ్వు మనుషుల్ని ఎక్కించుకుంటే నేను ఒప్పుకోను. ఆ టీచరమ్మలకు ఫోను చెయ్. ఆటో చూసుకోమను."

అక్క స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చుంది. ఆమె మొహం నేను బావ పోయిన రోజు కూడా అట్లా చూడలేదు. ఏడవలేదు. తాళం తిప్పి ఇంజను ఆపింది, అంతే. సరేలే అబ్బయ్యా, ఈడే ఉంటాలే అంది.

ఈడే. మధ్యగదిలో. రోజూ 'నువ్వేమంటావు వదినా'తో.

అప్పుడే నాకు పెద్దామె అరచెయ్యి గుర్తుకొచ్చింది. నిజం చెప్పాలంటే, పుణ్యం కోసం నోరు తెరవలేదు. అక్క పోవాలని తెరిచాను.

"మధ్యాన్నం పెద్దమ్మ వచ్చి ఆ మెరిసే పళ్లేనికి నూనె రాసి ప్రార్థన చేసిందండీ. ఎడంపక్కే."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఎంత రాసింది అన్నారు ఆయన. చేతినిండా అన్నాను. బాగా రాసిందా అంది అక్క. పసిబిడ్డకు రాసినట్టు రాసింది అన్నాను. ముందు అక్కకు నవ్వొచ్చింది. స్టీరింగు మీద తల ఆనించి భుజాలు కదిలేలా నవ్వింది. ఆయన ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, బానెట్ పట్టుకుని నవ్వారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ నవ్వారు. వార్త నేను తెచ్చాను, నవ్వు వాళ్లిద్దరూ పంచుకున్నారు. నాకు మళ్లీ మండింది.

మొహం తుడుచుకున్నాక ఆయన అన్నారు, షాకులకేమీ కాలేదు, ఆ పళ్లేన్ని అదిమి ఆపే బ్రేకు ప్యాడ్లు నూనె పీల్చుకున్నాయి, ముందు పక్క రెండింటికీ కొత్తవి వేద్దాం అని. కొట్టు మూసేలోపు సూళ్లూరుపేట పోయి తెచ్చారు. అక్కా నేనూ చక్రాలు విప్పి, ఆ పళ్లేన్ని పెట్రోలు గుడ్డతో మెరిసేదాకా తుడిచాం. దీపాలు పెట్టేవేళకు బండి గేటు ముందు గీసిన గీత మీద ఆగినట్టు ఆగింది. పెద్దామెకు ఈ సంగతి చెబితే ఏమాత్రం తగ్గలేదు. "నూనె రాయబట్టే గదా మే, కొత్త బ్రేకులు గూడా వచ్చినాయి. లేకపోతే ఎవురన్నా మార్చినారా?" అంది. ఆలోచిస్తే అదీ నిజమే. పాత ప్యాడ్లు రేకంత పలచగా ఉన్నాయని ఆయనే చెప్పారు. దానికీ స్తోత్రం చెప్పుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం ముందే పాస్టరు అయ్యగారు కారు మీద చేయి ఉంచి ప్రార్థన చేశారు. నూనె అడక్కముందే వద్దన్నాం. హైవే మీద షెడ్డులో చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూపించుకుని పోతానని అక్క బయలుదేరింది. ఆయన దారి గురించి, టైర్లలో గాలి గురించి ఏవో చెబుతూ కిటికీ దగ్గర నిలబడ్డారు. అక్క వింటూనే నా వైపు చూసి, కుడిపక్క మోగితే నీకే ఫోను చేస్తా అమ్మీ అంది. బండి మలుపు తిరిగింది. ఇక నాకు ఎదురులేదు అనుకున్నాను.

ఇంట్లో మళ్లీ ఆయనా నేనూ మిగిలాం. అన్నం పెట్టు, తాళం యాడ. ఆయన కొత్తగా నన్నేమీ అడగలేదు. ఇంట్లో మనిషిని గదా అని సర్దుకుంటున్నాను. కొన్ని పూటలు సర్దుకోవడం కుదురుతుంది, కొన్ని పూటలు కుదరదు.

నేననుకోనిది వేరే జరిగింది. బడి విడిచే వేళ అక్కకు ఫోను చేస్తే వెనక నుంచి ఆ టీచర్ల మాటలు వినిపిస్తాయి. ఒకావిడ ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటుందట. అక్కా, ఈ మాట విన్నావా అని మొదలుపెడుతుంది. నా అక్కను ఆమె అక్కా అంటుంది. అక్క బండి నడుపుతూ ఆమెను ఇంగ్లీషు పేపరు చదివి వినిపించమంటుంది, అర్థం కాని మాట అడుగుతుంది. పోతే చాలనుకున్న మనిషి కోసం ఇప్పుడు ఆ ముందు సీటును తలుచుకుని కుళ్లుకుంటున్నాను. ఎదురెదురుగా కూర్చుని తను ఒక చుట్టు, నేనొక చుట్టు తిప్పిన ఆ కొంచెంసేపు ఆవిడకు దొరకదు. ఆ మాట అనుకుని ఊరట తెచ్చుకుంటాను. అదీ మంచి ఊరట కాదని తెలుసు.

ఇది చదివే అక్కలకూ అన్నలకూ ఒక మనవి. వానలు మొదలైతే చిల్లకూరు అవతలి పల్లెదారులు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పొద్దునా సాయంత్రమూ ఆ దారిలో ఒక పాత కారు పోతుంది, నెరిసిన జుట్టు ముడివేసుకున్న ఒకామె దాన్ని నడుపుతుంది. పేరు నేను రాయలేదు, దేవునికి తెలుసు. మీ ప్రార్థనలో చోటుంటే, మీరు ఎవరికి మొక్కేవాళ్లయినా సరే, ఆ దారిలో బండి నడిపే మా అక్కను ఒక్క మాట జ్ఞాపకం చేసుకోండి.